ఫోను అడగని నెత్తురు

“ఇది పచ్చగ ఎట్లున్నదే? ముందుగాల నాకది చెప్పు.”

లక్ష్మణ్ ఫోను తెచ్చి భార్య మొహం ముందు పెట్టాడు. స్వర్ణలత గోడకు ఆనుకుని, మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని చాప మీద కూర్చుంది. ఒంటి మీద ఎయిర్‌పోర్టు హౌస్‌కీపింగ్ వాళ్ల నీలం చొక్కా ఇంకా అలాగే ఉంది. గంట కిందట, తాను కడగాల్సిన బాత్రూములోనే కళ్లు తిరిగి పడిపోయింది. సూపర్‌వైజర్ కంపెనీ బండిలో వేసుకొచ్చి శంషాబాద్‌లో ఇంటి ముందు దించి వెళ్లిపోయాడు. నేరుగా దవాఖానకే తీసుకుపోవచ్చు కదా అంటే, పాపం, ఆయనకు షిఫ్టు ఉంది.

“ఇరవై మూడు దినాలు! ఒక్క దినం కూడా ఎర్రగ రాలే. దవాఖానోళ్లు మాత్రలు తగ్గియ్యమని మెసేజ్ మీద మెసేజ్ పెట్టిండ్రు. నేను గుడ్డిగ నమ్మిన. నయమైతున్నదని అమ్మకు సుత చెప్పిన.”

“నేను ఉన్నది ఉన్నట్టే నొక్కిన.”

“ఉన్నది ఉన్నట్టు నొక్కితే గిట్ల పాలిపోయి పడ్తవా? అద్దంల మొహం చూసుకున్నవా?”

స్వర్ణలత మోకాళ్లు ఇంకా దగ్గరికి లాక్కుంది.

పెద్దపేగులో పుండ్లు. నాలుగేళ్ల నాటి జబ్బు. తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెడుతుంది. ఆరు నెలల కిందట దవాఖాన వాళ్లు కొందరు రోగులను ఎంచి తలా ఒక టచ్ ఫోను ఇచ్చారు. సాయంత్రం ఆరింటికి అది టింగుమంటుంది. ఐదు ప్రశ్నలు వస్తాయి. జవాబులు నొక్కితే కింద చుక్క వెలుగుతుంది. బాగుంటే పచ్చ, బాగాలేకపోతే ఎరుపు. ఎరుపు వస్తే దవాఖాన నుంచి మనిషి ఫోను చేస్తారు. పచ్చ వరుసగా వస్తే మాత్ర ఒకటి తగ్గించమని సందేశం దానంతట అదే వస్తుంది.

స్వర్ణలత ఒక్క రోజు కూడా నొక్కడం మానలేదు. మిగతావాళ్లు విసుక్కున్నారు, మరిచిపోయారు, ఫోన్లలో పాటలు నింపుకున్నారు. ఈమె మాత్రం ఎయిర్‌పోర్టులో బాత్రూము తలుపు వెనక వేలాడే షీటు మీద గంటగంటకూ సంతకం పెట్టినంత నిక్కచ్చిగా నొక్కేది. ఆ ఫోనంటే ఆమెకు ఎందుకంత ఇదో లక్ష్మణ్‌కు ఎప్పుడూ అర్థం కాలేదు. కారణం చిన్నదే. మనిషికి చెబితే మనిషి మొహం మారుతుంది. ఫోనుకు మొహం లేదు. అది ముక్కు మూసుకోదు, అన్నం ముందు ఆ మాటలేందని కసురుకోదు. తన కడుపు సంగతి సిగ్గుపడకుండా చెప్పుకున్నది దానికొక్కదానికే.

“డ్యూటీ పోతదని అబద్ధం కొట్టినవ్,” అన్నాడు లక్ష్మణ్. “ఒప్పుకో. ఒప్పుకుంటే నేనేం అనను.”

“అబద్ధం ఆడలేదని చెప్తున్న గద.”

“అయితే ఫోను అబద్ధమాడిందా?”

ముత్తమ్మ వంటింటి గడప మీద కూర్చుని బియ్యం చెరుగుతోంది. ఇంత గోల జరుగుతున్నా తల ఎత్తలేదు. కొడుకు చివరికి అటు తిరిగాడు.

“అమ్మా, నేనంటే పొద్దంత క్యాబ్ మీదుంట. నువ్వు ఇంట్లనే ఉంటవ్. నీకేం కనబడలేదా?”

“నన్నడుగుతవేందిరా?”

“మరెవర్నడగాలె?”

ముత్తమ్మ చేటను ఇంకో రెండుసార్లు ఎగరేసింది.

“బకెట్ల గుడ్డలు నానేస్తది,” అంది ముత్తమ్మ. “నీళ్లు ఎర్రగుంటయ్.”

“ఎన్నొద్దుల సంది?”

“ఆడోళ్ల సంగతి అనుకున్న.”

“ఎన్నొద్దుల సందే అమ్మా?”

“ఇరవై దినాల సంది.”

ముత్తమ్మ చేట కింద పెట్టింది.

“అడుగుదమనే ఉండె. కోడల్ని గసొంటి మాట ఎట్లడగాలె? అడిగితే ఏమనుకుంటదో అని ఊకున్న.”

ఆ ఇంట్లో మర్యాదకు ఎప్పుడూ లోటు లేదు. ఇరవై రోజులు అత్త అడగలేదు, కోడలు చెప్పలేదు. ఇద్దరూ ఒకే బకెట్ చుట్టూ తప్పుకుని నడిచారు.

స్వర్ణలత గోడ పట్టుకుని లేచింది. పెరట్లోకి పోబోతోందని ఇద్దరికీ అర్థమైంది. నాలుగడుగులు వేసి ఆగిపోయింది. నీలం ప్యాంటు వెనక మరక పెద్దదవుతోంది. ఆమె గబుక్కున గోడ వైపు వీపు తిప్పుకుంది.

“కారు తీయిరా,” అంది ముత్తమ్మ. “లెక్కలు అవుతల చూసుకోవచ్చు.”

వెనక సీటు మీద యూరియా సంచి విప్పి పరిచారు. దాని మీద పాత దుప్పటి. స్వర్ణలత ఆ సంచిని చూసింది. రేపు ఆ సీట్లో విమానం దిగినవాళ్లు కూర్చోవాలి, అతను మాత్రం ఏం చేస్తాడు? అయినా ఆమెకు ఏడుపొచ్చింది. ఏడ్చింది కూడా, దుప్పటి అంచు నోట్లో కుక్కుకుని.

గగన్‌పహాడ్ దాటాక లారీల మధ్య బండి నత్తలా నడిచింది. ఆరాంఘర్ దగ్గర లక్ష్మణ్ పైవంతెన ఎక్కడానికి ఇండికేటర్ వేశాడు.

“పైనుంచి వద్దు,” అంది స్వర్ణలత.

“పైనుంచైతే పావుగంట. కిందనుంచి గంట పడ్తది.”

“పైన ఎక్కితే దిగేదాకా ఆపేతందుకు జాగ ఉండదు. కింద పెట్రోల్ బంకుంది. దాని ఎనుక బాత్రూముకు తాళముంటది గని, పక్క పంక్చర్ దుకాణంల అడిగితే తాళంచెవి ఇస్తడు. ఆడికెళ్లి అత్తాపూర్ దాంక ఏం లేదు. ఆడ మసీదు గల్లీల ఒక హోటల్ ఉంది, ఆడోళ్లను పోనిస్తరు.”

లక్ష్మణ్ ఇండికేటర్ తీసేశాడు. ఐదేళ్లుగా, ఎయిర్‌పోర్టు తెరిచిన నాటి నుంచి ఈ రోడ్డు మీద రోజుకు మూడు ట్రిప్పులు కొడుతున్నాడు. ఈ దారి తనకు అరచేతిలో గీతంత తెలుసనుకున్నాడు. ఆమెకు తెలిసిన దారి వేరని ఇప్పుడే తెలిసింది. అద్దంలో భార్యను చూశాడు కానీ ఆమె కళ్లు మూసుకుంది.

పంక్చర్ దుకాణం దగ్గర ఒకసారి ఆగారు. హోటల్ దగ్గర ఇంకోసారి. మూడోసారి ఆగాల్సిన అవసరం లేకపోయింది, అప్పటికే అయిపోయింది.

దవాఖానలో చెయ్యి పొడిచి నెత్తురు తీసుకుపోయారు. రిపోర్టు వచ్చేదాకా కూర్చోమన్నారు. బెంచీ మీద యాదయ్య ఉన్నాడు. గగన్‌పహాడ్ ముసలాయన, అదే జబ్బు, నెలనెలా చూపించుకునేటప్పుడు పరిచయం. ఆమెకు జరిగి చోటిచ్చాడు.

“నువ్వింక నొక్కుతున్నవా బిడ్డా గా ఫోను? నేను బంద్ పెట్టిన.”

“ఎందుకే పెద్దబాపు?”

“జర రోగం మర్శిపోయి చాయ్ తాగుదమంటే తాగనియ్యదు. టింగుమని యాదికి చేస్తది. ఇంకోటేందంటే, మొదలు డాక్టరు నా కడుపు మీద చెయ్యి పెట్టి చూస్తుండె. ఇప్పుడు ఫోను చేతుల పట్టుకొని చూస్తుండు. రోగం నాకా, ఫోనుకా?”

స్వర్ణలత నవ్వబోయింది. నవ్వితే కడుపు లాగింది.

“నాకైతే మంచిగనే ఉండె,” అంది. “అదొక్కటే అడుగుతుండె నన్ను.”

రిపోర్టు వచ్చింది. లోపలికి పిలిచారు. డాక్టరు మంచివాడే, కానీ నెత్తురు పన్నెండు ఉండాల్సిన చోట ఆరుకు పడిపోయిన మనిషిని చూసి మంచివాడికి కూడా కోపం వస్తుంది. కంప్యూటర్ తెర వాళ్ల వైపు తిప్పాడు. తెర నిండా పచ్చచుక్కలు వరుస కట్టి ఉన్నాయి.

“ఇదేంటమ్మా? మీరు బాగున్నారని మీరే పెట్టారు. దాన్ని నమ్మే మాత్రలు తగ్గించాం. ఎనిమిది మాత్రల నుంచి రెండుకు వచ్చాం. యంత్రానికి అబద్ధం చెబితే యంత్రం ఏం చేస్తుంది?”

“నేను గదే అడుగుతున్న సార్ పొద్దుగాల సంది,” అన్నాడు లక్ష్మణ్.

ఇద్దరు మగవాళ్లు ఒక్క మాట మీదికొచ్చారు. స్వర్ణలతకు ఒళ్లు మండింది. మండేంత నెత్తురు లేదు కానీ మండింది.

“అబద్ధం కాదు,” అంది. “మీకు ఎన్నిసార్లు చెప్పాలె? అబద్ధం కాదు.”

గది మూల ప్రమీల కూర్చుని ఉంది. ఫోన్ల పనంతా చూసేది ఆమే. గుంటూరు వైపు మనిషి, మెత్తగా మాట్లాడుతుంది. ఫోన్ల గురించి రోగులు ఏమనుకుంటున్నారో అడిగి రాసుకోవడం కూడా ఆమె ఉద్యోగంలో భాగం. ఆమె కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

“డాక్టర్‌గారూ, ఒక్క నిమిషం. అమ్మా, ఫోనులో వచ్చేవే నేను అడుగుతాను. మీరు రోజూ నొక్కినట్టే చెప్పండి. ఇవాళ ఎన్ని విరేచనాలు అయ్యాయి?”

“ఒకటి. ఒక్కోదినం అది సుత కాదు.”

“విరేచనంలో రక్తం ఉందా?”

“లేదు మేడం.”

“సూస్తిరా?” లక్ష్మణ్ లేచి నిలబడ్డాడు. “కార్ల సంచి నిండ నెత్తురుంది సార్. మా అమ్మ చూసింది. మీ ముంగట్నే లేదంటున్నది!”

ప్రమీల అతన్ని ఆగమని చెయ్యి ఎత్తింది. ఆమె గొంతు ఇంకా నెమ్మదించింది.

“మరి ఆ రక్తం ఎక్కడిదమ్మా?”

“అది వేరేగ వస్తది. వట్టి నెత్తురు, జిగురు. విరేచనంల రాదు. విరేచనాలంటే నీళ్లలెక్క కడుపు జారుడు గద మేడం? నాకది దినానికి ఒకటే, అండ్ల నెత్తురు లేదు. లేనిది ఉన్నదని ఎట్ల నొక్కాలె?”

“ఆ వట్టి రక్తానికి ఎన్నిసార్లు వెళ్తారు?”

“దొడ్డికా? పదమూడు, పద్నాలుగు. నిన్న పదహారు.”

డాక్టరు తెర మీది పచ్చచుక్కల వైపు చూస్తున్నాడు.

“అది నొక్కలేదేంటమ్మా మరి?” అంది ప్రమీల.

“అది అడగలే గద మేడం. ఐదు అయినంక సుత చూస్తుంటి, ఆరోది వస్తదేమో, అండ్ల అడుగుతదేమో అని. రాకపోతుండె. నెత్తురు వట్టిగ పోతే పెద్ద సంగతి కాదేమో, అందుకే అడుగుతలేరేమో అనుకున్న. మీరు చదువుకున్నోళ్లు గద.”

ప్రమీల తల దించుకుంది. చేతిలో పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, చివరికి మాట్లాడింది. డాక్టరుతో కాదు, స్వర్ణలతతోనే.

“మొదట నేను ‘దొడ్డికి ఎన్నిసార్లు వెళ్లారు’ అనే రాశానమ్మా. మీటింగులో అందరూ మోటుగా ఉందన్నారు. దవాఖాన పేరు మీద పోయే ఫోనులో అలాంటి మాట బాగుండదన్నారు. నాకూ నిజమే అనిపించింది. కొట్టేసి ‘విరేచనాలు’ అని పెట్టాను.”

శంషాబాద్‌లో అత్త మర్యాదకు పోయి అడగలేదు. ఇక్కడ వీళ్లు అడిగారు కానీ మర్యాదగా అడిగారు. రెంటికీ మధ్య ఒక ఆడదాని ఒంట్లో నెత్తురు ఆరుకు దిగింది.

లక్ష్మణ్ కూర్చున్నాడు. తప్పయిందనడం అతనికి అలవాటు లేదు. భార్య కాళ్ల మీద నుంచి జారిన దుప్పటిని తీసి కప్పాడు, కప్పిందే మళ్లీ సర్దాడు. స్వర్ణలత అతని వైపు చూడలేదు. అతను ఇప్పటికైనా నమ్మినందుకు సంతోషించాలని ఆమెకు తెలుసు, కానీ ఆ సంతోషం రాలేదు.

“ఇప్పుడు ఇవన్నీ మాట్లాడే టైము కాదు,” అన్నాడు డాక్టరు. గొంతులో కోపం పోయి ఇంకేదో వచ్చింది. “నెత్తురు ఎక్కిస్తాం. మూడు రోజులు సూదిమందు ఇస్తాం. నాలుగో రోజు పొద్దున, అంతకుముందు ఇరవై నాలుగు గంటల లెక్క చూస్తాను. ఎనిమిది లోపు ఉంటే మందు పనిచేస్తున్నట్టు. ఎనిమిది దాటితే ఇక ఆగేది లేదు. పెద్దపేగు మొత్తం తీసేయాలి.”

“తీసేస్తే ఎట్ల పోతది సార్?” అన్నాడు లక్ష్మణ్.

“పొట్ట పక్కన దారి పెడతాం. సంచి తగిలించుకోవాలి. తీయకపోతే పేగు లోపలే పగలొచ్చు. అప్పుడు మనిషే ఉండదు.”

లక్ష్మణ్ మొహం ఎండిపోయింది. పదేళ్ల కిందట వాళ్ల నాన్న కడుపు ఆపరేషన్‌కు నడుచుకుంటూ లోపలికి పోయాడు. బయటికి నడిచి రాలేదు. కాగితం మీద సంతకం పెట్టింది లక్ష్మణే.

మూడు రోజులు అతను బండి తీయలేదు. వార్డు బాత్రూము తలుపు బయట గోడకు ఆనుకుని నిలబడేవాడు. ఆమె లోపలికి పోయిన ప్రతిసారీ జేబులోంచి చిన్న పెన్సిల్ తీసి మందుల చీటీ వెనక గీత గీసేవాడు. మొదటి రోజు పద్నాలుగు గీతలు. రెండో రోజు పదకొండు. తగ్గుతున్నాయి. ముత్తమ్మకు ప్రతి గీతా చూపించేవాడు, పిల్లవాడు మార్కులు చూపించినట్టు.

“తగ్గుతున్నది గదనే?”

“తగ్గుతున్నది కొడుకా.”

నాలుగో రోజు పొద్దున డాక్టరు వచ్చేసరికి ముగ్గురూ అప్పటికే మేలుకుని ఉన్నారు. సిస్టరు ఫైలు పట్టుకుని నిలబడింది. డాక్టరు కడుపు మీద చెయ్యి పెట్టి నొక్కి చూశాడు. ఇవాళ ఫోను ఊసు ఎత్తలేదు.

“రక్తపరీక్ష అటూ ఇటూ కాకుండా ఉంది. లెక్కే ఆధారం. నిన్నటి నుంచి ఎన్నిసార్లమ్మా?”

“ఏడు సార్,” అన్నాడు లక్ష్మణ్.

స్వర్ణలత తల తిప్పి చూసింది. మందుల చీటీ అతని పిడికిట్లో నలిగిపోయి ఉంది. దాని మీద తొమ్మిది గీతలున్నాయి. తొమ్మిదోది తెల్లవారాక గీసింది, ఆమె తలుపు తీసుకుని వచ్చేటప్పుడు చూసింది కూడా.

“ఏడా? మంచిది.” డాక్టరు మొహం కొంచెం తేలికపడింది. “అయితే ఇంకో రెండు రోజులు ఇదే మందు కొనసాగిద్దాం.”

సిస్టరు ఏడు వేసుకుంది. దుప్పటి కింద లక్ష్మణ్ చెయ్యి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. చెమటలు పట్టి ఉంది. ఊకో అంటున్నాడు. బతిమాలుతున్నాడు.

ఆమెకూ ఏడే కావాలి. ముప్పై ఒక్క ఏళ్లు. పొట్టకు సంచి తగిలించుకుని నీలం ప్యాంటు ఎలా తొడుక్కోవాలి? ఎయిర్‌పోర్టు గేటు దగ్గర ఒళ్లంతా తడిమే సెక్యూరిటీ ఆమెకు ఏమని చెప్పాలి? ఏడు అన్నవాడు పచ్చి అబద్ధం ఆడుతున్నాడు, అయినా అతని మీద ఎన్నడూ లేనంత ప్రేమ పుట్టింది. కోపం కూడా అంతే పుట్టింది. ఇన్నాళ్లూ ఆమె నిజం చెప్పి చెడింది. ఇప్పుడు అబద్ధానికి ఊకుంటే చచ్చేది కూడా ఆమే.

డాక్టరు పక్క మంచం వైపు తిరిగాడు.

“సారూ,” అంది. “తొమ్మిది.”

డాక్టరు ఆగాడు.

“అబద్ధం చెప్తున్నది సార్!” లక్ష్మణ్ చెయ్యి లాక్కుని లేచాడు. “పరేషాన్‌ల ఉంది, లెక్క యాద్‌లేదు దానికి. నేను తలుపు కాడ్నే ఉన్న. ఏడే!”

“తొమ్మిది సార్. రెండు దొడ్డికి, ఏడు వట్టి నెత్తురు. మీరు ఏది లెక్కపెడ్తరో నాకు తెల్వది. అన్ని చెప్తున్న.”

డాక్టరు ఇద్దరి వైపూ చూశాడు. తర్వాత సిస్టరు చేతిలోంచి ఫైలు తీసుకుని, ఏడు మీద గీత కొట్టి తొమ్మిది వేశాడు. ఇన్నాళ్లకు ఆమె మాట ఒకరు అడ్డు చెప్పకుండా రాసుకున్నారు. రాసుకున్నది ఆమె పేగు తీసేయడానికి.

“పదకొండింటికి థియేటర్ ఖాళీ ఉంది,” అన్నాడు సిస్టరుతో. “ఇవాళ దాటనివ్వొద్దు.”

ఆయన వెళ్లాక సిస్టరు కాగితాలు తెచ్చి మంచం మీద పెట్టింది. స్వర్ణలత పెన్ను అడిగి తీసుకుని, చూపించిన చోట తన పేరు మొత్తం రాసింది. అక్షరాలు కుదురుగానే వచ్చాయి.

“కింద మీ ఆయనది.”

లక్ష్మణ్ పెన్ను అందుకోలేదు. కాగితం వైపు చూస్తూ రెండడుగులు వెనక్కి వేశాడు.

“బాపుకు గిట్లనే పెట్టిన,” అన్నాడు. “నాతోని కాదు స్వర్ణా. ఏడు అన్నప్పుడు నువ్వెందుకు ఊకోలే?”

“ఊకుంటే బతుకుతుంటినా?”

అతను తలుపు తోసుకుని పోయాడు. మెట్ల మీద చెప్పుల చప్పుడు మొదట నెమ్మదిగా, తర్వాత గబగబా వినబడింది. చాయ్ తాగడానికి పోయి ఉంటాడని ముత్తమ్మ అంది.

తొమ్మిదిన్నరకు సిస్టరు మళ్లీ వచ్చింది. ఆమె వెనక స్ట్రెచర్.

“భర్త సంతకం లేకుండా తీసుకుపోనివ్వరమ్మా. ఎంతసేపట్లో వస్తారు?”

స్వర్ణలత అత్త వైపు చూసింది. ముత్తమ్మ కిటికీ ఊచలు పట్టుకుని కిందికి చూస్తోంది. ఇటు తిరగలేదు.

“బండి తీస్కొని పోతున్నడు,” అంది.